మేం కొన్న యంత్రాల డేటా మాకు ఇవ్వండి: యంత్ర తయారీదారులకు, పెద్ద కొనుగోలు కంపెనీలకు, ప్రమాణాల కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యంత్ర తయారీ సంస్థల నిర్వాహకులకు, పారిశ్రామిక సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, విడిభాగాలు కొనే పెద్ద కంపెనీల పర్చేజ్ విభాగాలకు, ప్రమాణాలు రాసే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

విడిభాగాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లలో యంత్రాల నుంచి డేటా తీసి పనికొచ్చేలా చేయడం నా వృత్తి. ఇదే పనిలో ఉన్న మిత్రులతో, యూనిట్ల యజమానులతో, షిఫ్ట్ సూపర్‌వైజర్లతో మాట్లాడుకున్నాక ఈ లేఖ రాస్తున్నాను. ఇందులోని విషయాలు మీకు ఇదివరకే తెలియజేశాం. సర్వీసు విభాగాలకు మెయిళ్లు పెట్టాం, డీలర్ల ద్వారా చెప్పించాం, సప్లయర్ల సమావేశాల్లో లేచి అడిగాం. కొందరు "పరిశీలనలో ఉంది" అన్నారు. కొందరు జవాబుకు బదులు కొత్త మాడ్యూల్ కొటేషన్ పంపారు. చాలామంది అసలు పలకనే లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

మీ యంత్రాల నాణ్యత మీద మాకు ఫిర్యాదు లేదు. మైక్రాన్ల కచ్చితత్వంతో ఏళ్ల తరబడి నడిచే యంత్రాలవి. మా బాధ ఒక్కటే. ఆ యంత్రం ఏం చేస్తోందో మాకు చెప్పదు. చెబితే మీ సాఫ్ట్‌వేర్‌కే చెబుతుంది. పక్కనే ఉన్న మరో కంపెనీ యంత్రంతో కలపాలంటే లైసెన్సు కొనాలి, గేట్‌వే (మధ్యలో డేటాను మార్చి అందించే పరికరం) పెట్టాలి, ఏటా చందా కట్టాలి. డబ్బంతా పోసి కొన్న యంత్రం ఇవాళ ఎన్ని పార్టులు చేసిందో తెలుసుకోవడానికి మళ్లీ డబ్బు కట్టాలనడం న్యాయం కాదు.

ఇది సాంకేతికంగా ఇంకా తేలని చిక్కు అయితే ఓపిక పట్టేవాళ్లం. తేలిపోయి చాలా కాలమైంది. కంప్యూటర్ డిజైన్ల మార్పిడికి ఐజీఈఎస్ 1980లోనే వచ్చింది. దాని లోపాలు దాటుకుని ఐఎస్‌ఓ 10303, అంటే మనమంతా స్టెప్ అని పిలిచే ప్రమాణం, 1994 నుంచి వెలువడుతోంది. అందులో 2014లో వచ్చిన ఏపీ 242 భాగంతో, పార్టు ఆకారమే కాదు, దాని టాలరెన్సులు, అంటే కొలతల్లో అనుమతించే తేడాలు కూడా కంప్యూటర్ నేరుగా చదువుకోగల రూపంలో పంపవచ్చు. యంత్రాల నుంచి డేటా తీయడానికి ఓపీసీ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. దాని తర్వాతి తరం ఓపీసీ యూఏ ఇప్పుడు ఐఈసీ 62541 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం. మెషీన్ టూల్స్ (లోహాన్ని కోసి మలిచే యంత్రాలు) కోసమే పుట్టిన ఎంటీకనెక్ట్ మొదటి వెర్షన్ 2008లో విడుదలైంది. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకుని రాయల్టీ లేకుండా వాడుకోవచ్చు. తనిఖీ కొలతల కోసం క్యూఐఎఫ్ ఉంది, 2020లో అది ఐఎస్‌ఓ 23952 అయింది.

2019లో హానోవర్ ఈఎంఓ ప్రదర్శనలో, జర్మనీ మెషీన్ టూల్ తయారీదారుల సంఘం చొరవతో మొదలైన ఉమాటి అనే ఉమ్మడి కార్యక్రమం కింద, ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీల యంత్రాలు తమ స్థితిని ఒకే డ్యాష్‌బోర్డుకు పంపాయి. అంటే మీకు చేతకాక కాదు. ఎగ్జిబిషన్ హాల్లో అంత చక్కగా మాట్లాడిన యంత్రాలు మా షెడ్డుకు చేరేసరికి "ఆ ఆప్షన్ మీరు తీసుకోలేదు" అంటున్నాయి.

చిప్పుల తయారీ రంగాన్ని చూడండి. ఆ రంగపు కంపెనీల సంఘమైన సెమీ ఆధ్వర్యంలో పరికరాలకు, ఫ్యాక్టరీ కంప్యూటర్‌కు మధ్య మాటలు ఎలా నడవాలో చెప్పే సెక్స్ ప్రమాణాలు 1980ల మొదట్లోనే తయారయ్యాయి. పరికరం ఎలా ప్రవర్తించాలో చెప్పే జెమ్ ప్రమాణం 1992లో వచ్చింది. అక్కడ పరికరాలు అమ్మేవాళ్లు మరీ ఉదారులేం కాదు. కొనేవాళ్లు ఆ ప్రమాణాన్ని కొనుగోలు షరతుగా పెట్టారు, అది లేని పరికరాన్ని ఫ్యాబ్‌లోకి, అంటే చిప్పుల ఫ్యాక్టరీలోకి రానివ్వలేదు, అంతే. లోహం కోసే, వంచే, పోత పోసే రంగాల్లో కొనేవాళ్లు వేలమంది చిన్నవాళ్లు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు విడివిడిగా బేరమాడుతున్నాం. అందువల్లే మా మాట చెల్లడం లేదు.

దీని దెబ్బ ఎవరి మీద పడుతోందో వరుసగా చెబుతాను. బోర్డు మీటింగుల్లో ఇవి వినపడవు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పాలి.

1. ఆపరేటర్ల మీద. మా యంత్రాల్లో ఎక్కువ శాతం తమ స్థితిని ఒక అంకెగా మాత్రమే పంపుతాయి. ఒక కంపెనీ కంట్రోలర్‌లో 2 అంటే నడుస్తోందని. ఇంకో దాంట్లో అదే 2 అంటే ఫీడ్ ఆగిందని. మూడో దాంట్లో తలుపు తెరిచి ఉందని. వివరణ పత్రం అడిగితే అది "కాన్ఫిడెన్షియల్". కాబట్టి మేం యంత్రం పక్కన నిలబడి, ఆపరేటర్ తలుపు తీసినప్పుడల్లా ఏ అంకె మారుతుందో రాసుకుని, ఊహించి అర్థం కడతాం. ఊహ తప్పితే? పార్టు బిగించడానికి పట్టిన సమయమంతా "ఖాళీగా కూర్చున్నారు" అనే లెక్కలోకి పోతుంది. నెలాఖరు రిపోర్టులో ఒక మనిషి సామర్థ్యం తక్కువని తేలుతుంది. ఆ మనిషికి ఇన్సెంటివ్ కోత పడుతుంది. తప్పు చేసింది డేటా, శిక్ష పడేది ఆపరేటర్‌కు.

ఇంకో రకం తప్పు దీనికంటే ప్రమాదకరం. నెట్‌వర్క్ కేబుల్ ఊడిపోతే, చాలా సొంత పద్ధతుల ఇంటర్‌ఫేసులు సున్నా పంపుతాయి, లేదా చివరి విలువనే పట్టుకుని కూర్చుంటాయి. ఎంటీకనెక్ట్ దీన్ని ఏనాడో ఆలోచించింది. విలువ తెలియనప్పుడు సున్నా రాయకూడదు, "అందుబాటులో లేదు" అనే రాయాలని నియమం పెట్టింది. తెలియదు అనడానికీ సున్నా అనడానికీ ఎంత తేడా ఉందో, సున్నా వల్ల మెమో అందుకున్న ఆపరేటర్‌ను అడగండి. ఇంత చిన్న నియమం పాటించడానికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు.

2. తనిఖీ చేసేవాళ్ల మీద. డిజైనర్ త్రీడీ మోడల్‌లో ప్రతి కొలతా, ప్రతి టాలరెన్సూ ఉంటుంది. మాకు చేరేది మాత్రం పీడీఎఫ్ డ్రాయింగ్. ఇన్‌స్పెక్టర్ దాని మీద ఒక్కో కొలతకు బెలూన్ (గుండ్రటి గుర్తు) గీసి నంబరు వేస్తారు. ఆ నంబర్లూ, కొలతలూ ఎక్సెల్‌లోకి చేత్తో ఎక్కిస్తారు. అవే కొలతలు సీఎంఎం (కొలతలు తీసే యంత్రం) ప్రోగ్రాంలో మళ్లీ రాస్తారు. సీఎంఎం ఇచ్చిన ఫలితాలను కస్టమర్ పోర్టల్‌లోకి మళ్లీ టైపు చేస్తారు. ఒకసారి కంప్యూటర్‌లో ఉన్న అంకె మళ్లీ కంప్యూటర్‌లోకి చేరడానికి మధ్యలో మనిషి కళ్లూ వేళ్లూ అరిగిపోతున్నాయి. ఒక దశాంశ బిందువు పక్కకు జరిగితే మంచి పార్టు రిజెక్ట్ అవుతుంది. లేదా చెడ్డ పార్టు పాసవుతుంది, ఆ రెండోది ఇంకా ఘోరం. చాలా ఏళ్ల అనుభవంతో పార్టును చూడగానే లోపం పట్టే మనిషిని మనం టైపిస్టుగా మార్చాం.

అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. డిజైన్ డేటా సరిగా కలవకపోవడం వల్ల ఆ దేశపు వాహన పరిశ్రమ సరఫరా గొలుసు ఒక్కటే ఏటా కనీసం 100 కోట్ల డాలర్లు నష్టపోతోందని అది లెక్కగట్టింది. అందులో అధిక భాగం, పనికిరాని ఫైళ్లను సరిదిద్దడానికి, మళ్లీ మొదటి నుంచి తయారు చేయడానికి పట్టిన ఖర్చే. ఆ నివేదిక వచ్చేనాటికి స్టెప్ ప్రమాణం అప్పటికే ఉంది. ఇవాళ్టికీ మేం బెలూన్లు గీస్తూనే ఉన్నాం.

3. చిన్న యూనిట్ల యజమానుల మీద. అయిదుగురు కస్టమర్లుంటే అయిదు పోర్టళ్లు, అయిదు పాస్‌వర్డులు, అయిదు రకాల ఫారాలు. ఒకరికి ఫలానా డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్‌లోనే ఫైలు కావాలి. ఇంకొకరు తమ సప్లయర్లంతా తాము చెప్పిన క్లౌడ్‌కే యంత్రాలు కలపాలంటారు. పెద్ద కంపెనీకి ఇవి ఐటీ విభాగం చూసుకునే పనులు. పది యంత్రాల యూనిట్‌లో ఇవన్నీ యజమానో, ఒక గుమస్తానో రాత్రి పూట చేసే పనులు. కొత్త కస్టమర్ దొరికాడంటే సంతోషించాల్సింది పోయి, మళ్లీ ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారో అని టెన్షన్ పడుతున్నారు. చివరికి చాలామంది ఒకే పెద్ద కస్టమర్ పద్ధతికి కట్టుబడిపోతారు. ఆ కస్టమర్ ధర తగ్గించమంటే కాదనే శక్తి ఇక వాళ్లకు ఉండదు.

పెద్ద కంపెనీలు ఇది చిన్నవాళ్ల గోలేనని తీసిపారేయొద్దు. ఎయిర్‌బస్ ఏ380 విమానం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జర్మనీ, స్పెయిన్ బృందాలు కటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లో, ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు అయిదో వెర్షన్‌లో పనిచేశాయి. రెండింటి మధ్య డిజైన్ మార్పులు సరిగా కలవలేదు. హాంబర్గ్‌లో చేసిన విభాగాలు తులూజ్‌కు వచ్చాక, వాటిలోని వైర్లు చాలాచోట్ల అందలేదు. ఒక్కో విమానంలో వందల కిలోమీటర్ల వైరింగు ఉంటుంది మరి. 2006లో ఆ కంపెనీ డెలివరీలను పదేపదే వాయిదా వేసింది, నష్టం వందల కోట్ల యూరోల్లోకి వెళ్లింది, పై స్థాయి అధికారులు పదవులు వదిలారు. ఒకే కంపెనీ, ఒకే సాఫ్ట్‌వేర్ రెండు వెర్షన్ల మధ్యే ఇంత జరిగితే, వేర్వేరు కంపెనీల మధ్య రోజూ ఎంత నష్టం జరుగుతోందో ఊహించండి. మాకు జరిగే నష్టం పేపర్లో రాదు, అంతే తేడా.

4. మెయింటెనెన్స్ సిబ్బంది మీద. అర్ధరాత్రి లైను ఆగిపోతే ముందు తెలుసుకోవాల్సింది ఏ యంత్రం మొదట ఆగిందని. కానీ ఒక్కో యంత్రం గడియారం ఒక్కో సమయం చూపిస్తుంది. ఒకటి స్థానిక కాలం రాస్తుంది, ఇంకొకటి ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీ రాస్తుంది, మరొకటి బ్యాటరీ అయిపోయి ఏ కాలంలో ఉందో దానికే తెలియదు. అలారంల వరుస తారుమారవుతుంది, మనుషులు తప్పు యంత్రాన్ని విప్పుతారు. యూనిట్ల సంగతీ ఇంతే. ప్రెషర్ విలువ 6 అని వస్తుంది, బార్ అని రాసి ఉండదు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో పోయింది సరిగ్గా ఈ రకం తప్పుతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ లెక్కలో ఫలితమిచ్చింది, ఇంకోటి అది న్యూటన్ లెక్క అనుకుంది. అంకె చక్కగా చేరింది, అర్థం చేరలేదు.

పాత యంత్రాల కథ ఇంకోటి. లేతు ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. దాన్ని కలిపే సాఫ్ట్‌వేర్ అంతకాలం బతకదు. పాత తరం ఓపీసీ, విండోస్‌లో ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీకామ్ పద్ధతి మీద ఆధారపడి పనిచేసేది. మైక్రోసాఫ్ట్ భద్రత కోసం డీకామ్ నిబంధనలను 2021 నుంచి దశలవారీగా బిగించి, 2023 మార్చి అప్‌డేట్‌తో వాటిని ఆపుకునే వీలు కూడా తీసేసింది. ఆ బిగింపు అవసరమే, తప్పు పట్టడం లేదు. కానీ దానికి తట్టుకునే కొత్త వెర్షన్ తయారీదారు ఇవ్వని చోట, పాత లింకులు నడవాలంటే కంప్యూటర్‌కు అప్‌డేట్లే వేయకుండా వదిలేయాలి. భద్రతా, ఉత్పత్తా అన్న ఎంపికను మీరు తేల్చకుండా ఒక షిఫ్ట్ ఫిట్టర్ నెత్తిన పెట్టారు.

5. వస్తువు కొని వాడే జనం మీద. లోపమున్న ఒక బ్యాచ్ పార్టులు ఏ వాహనాల్లోకి వెళ్లాయో సరఫరా గొలుసు పొడవునా డేటా కలిసి ఉంటే కచ్చితంగా తేల్చవచ్చు. కలవకపోతే అనుమానం ఉన్నవన్నీ వెనక్కి పిలవాలి. లేదా ఎవరికీ చెప్పకుండా ఊరుకోవాలి, అది ప్రాణాలతో చెలగాటం. విడిభాగం దొరక్క నెలల తరబడి బండి మూలన పడేసినవాళ్లకు, ఆ పార్టు చేయగల యూనిట్ ఇంకోటి ఉందని, దాని దగ్గర చదవగలిగే ఫైలు లేకే ఆలస్యమవుతోందని ఎవరు చెబుతారు?

ఇక మీ అభ్యంతరాలు. సమావేశాల్లో మాకు ఎప్పుడూ మూడు వినిపిస్తాయి.

మొదటిది భద్రత. యంత్రాన్ని తెరిస్తే హ్యాకర్లు వస్తారంటారు. ఈ భయం నిజమే, మేం దాన్ని తేలిగ్గా తీసుకోం. కానీ మేం అడుగుతున్నది యంత్రాన్ని బయటి నుంచి నడిపే అధికారం కాదు, చదివే అవకాశం. ఎంటీకనెక్ట్‌ను మొదటి నుంచీ చదవడానికే రూపొందించారు. ఓపీసీ యూఏలో సర్టిఫికెట్లు, సంతకాలు, ఎన్‌క్రిప్షన్ ప్రమాణంలోనే భాగం. భద్రత పేరుతో మీరు ఇచ్చే సొంత ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ కూడా లేని సందర్భాలు మేం పనిలో చూశాం. దాని లోపలి వివరాలు దాచినంత మాత్రాన అది సురక్షితం కాదు. పదిమంది నిపుణులు పరీక్షించి తప్పులు పట్టిన ప్రమాణం, ఎవరూ చూడని రహస్య పద్ధతి కంటే నమ్మదగినది. పైగా మీ లైసెన్సు ఖరీదు భరించలేక యూనిట్లు ఎక్కడో దొరికిన అనామక పరికరాలను యంత్రాలకు తగిలిస్తున్నాయి. మీరు తలుపు మూయడం వల్లే కిటికీలు పగులుతున్నాయి.

రెండోది మేధో సంపత్తి. మీ సర్వో లెక్కలు, థర్మల్ కాంపెన్సేషన్ సూత్రాలు మాకు అక్కర్లేదు. స్పిండిల్ లోడ్ ఎంత, ఏ ప్రోగ్రాం నడుస్తోంది, ఎన్ని పార్టులయ్యాయి, ఏ అలారం ఎప్పుడు వచ్చింది, ఎంత కరెంటు తాగింది. ఇవి మా పార్టు కోస్తుంటే, మా కరెంటుతో, మా మనిషి చేతి కింద పుట్టిన విషయాలు. యూరోపియన్ యూనియన్ చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. అక్కడి డేటా యాక్ట్ 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది, దాని నిబంధనలు 2025 సెప్టెంబర్ 12 నుంచి వర్తిస్తున్నాయి. నెట్‌కు కలిపే ఉత్పత్తిని వాడేవారికి, వ్యక్తయినా సంస్థయినా, దాని వాడకంలో పుట్టిన డేటాను ఉచితంగా, సురక్షితంగా అందించాలని అది చెబుతోంది. వ్యాపార రహస్యాలను కాపాడుకునే ఏర్పాట్లు కూడా అందులో ఉన్నాయి. 2026 సెప్టెంబర్ 12 తర్వాత అక్కడి మార్కెట్లోకి వచ్చే కొత్త ఉత్పత్తులను డేటా అందేలాగే డిజైన్ చేయాలి. ఒక మార్కెట్ కోసం ఆ ఏర్పాటు చేయగలిగిన కంపెనీ మిగతా చోట్ల అదే యంత్రానికి తాళం వేస్తే, దానికి సాంకేతిక కారణం చెప్పుకోలేదు.

మూడోది ఖర్చు. దీని మీద ఎక్కువ రాయను. ఇప్పుడు కూడా ఖర్చు అవుతూనే ఉంది, అది మా ఖాతాలో అవుతోంది.

పోటీదారులు కలిసి కూర్చోవడం జరగని పని అనేవాళ్లకు ఒక పాత సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బోల్టుల మర కోణం 55 డిగ్రీలు, అమెరికావి 60 డిగ్రీలు. ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకు పట్టక మిత్రదేశాలు మరమ్మతులకు నానా అవస్థా పడ్డాయి. 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా ఉమ్మడి మరల ప్రమాణానికి ఒప్పుకుని సంతకాలు చేశాయి. అలాగని ప్రతి ఉమ్మడి ప్రయత్నమూ నెగ్గలేదు. 1980లలో ఫ్యాక్టరీ యంత్రాలను కలపడానికి జనరల్ మోటార్స్ నడిపిన మ్యాప్ ప్రోటోకాల్‌కు పెద్ద పెద్ద కంపెనీల మద్దతు ఉండి కూడా అది నిలవలేదు. దానికి కావాల్సిన హార్డ్‌వేర్ ఖరీదు. మధ్యలో వెర్షన్ మారి పాతదానితో కలవకుండా పోయింది. చిన్న యూనిట్లు దాని జోలికే పోలేకపోయాయి. ఆ పొరపాట్లు మళ్లీ జరగకూడదనే కింది డిమాండ్లలో ధర, పాతవాటితో పొత్తు, చిన్నవాళ్ల భాగస్వామ్యం గురించి గట్టిగా అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

యంత్రాలు, కంట్రోలర్లు, వాటి సాఫ్ట్‌వేర్ చేసేవారికి:

1. యంత్రంతో పాటే దాని డేటా వివరణ ఇవ్వాలి. ప్రతి సిగ్నల్ పేరు, యూనిట్, ఒక్కో విలువకు అర్థం, విలువ తెలియనప్పుడు ఏం పంపుతుంది, టైమ్‌స్టాంప్ ఏ గడియారానిది, అన్నీ అందులో ఉండాలి. వైరింగ్ డయాగ్రం ఇస్తున్నారు కదా, ఇదీ అలాగే.

2. స్థితి, ప్రోగ్రాం పేరు, పార్టుల లెక్క, అలారంలు, లోడ్, విద్యుత్ వాడకం. ఈ కనీస డేటాను ఓపీసీ యూఏ లేదా ఎంటీకనెక్ట్ ద్వారా చదివే సౌకర్యం యంత్రం ధరలోనే కలిసి ఉండాలి. దానికి విడిగా లైసెన్సు, డాంగిల్, ఏటా చందా ఉండకూడదు. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ అమ్ముకోండి, బాగుంటే డబ్బిచ్చి కొంటాం. మా డేటా దాకా వెళ్లే దారిని మాత్రం అమ్మకండి.

3. ఆ సౌకర్యం యంత్రం నడిచినన్నాళ్లూ ఉండాలి. సపోర్ట్ ఆపేయాలనుకుంటే ముందే చెప్పి, ప్రోటోకాల్ వివరాలు బయటపెట్టాలి. ఇప్పటికే అమ్మిన పాత యంత్రాలకు కూడా ఇది వర్తించాలి. అడాప్టర్ రాసుకునే పని మేం చేసుకుంటాం.

4. ఫలానా ప్రమాణానికి అనుగుణం అని బ్రోషర్‌లో రాస్తే, ఏ వెర్షన్, ఏ భాగాలు, ఏ పరీక్షలో నెగ్గిందో రిపోర్టు చూపాలి. ఓపీసీ యూఏ సర్వర్ పెట్టి, అందులో అన్నీ సొంత పేర్లతో అర్థం కాని ట్యాగులు నింపడాన్ని అనుగుణం అనకూడదు. కలిసి పరీక్షించుకునే సమావేశాలకు మీ ఇంజినీర్లను పంపండి, ఫలితాలు దాచకండి.

విడిభాగాలు కొనే పెద్ద కంపెనీలకు:

5. మీరు కొనే ప్రతి కొత్త యంత్రం పర్చేజ్ ఆర్డర్‌లో పై నాలుగు అంశాలను షరతుగా పెట్టండి. చిప్పుల పరిశ్రమ చేసి చూపించింది ఇదే. మా కొటేషన్లకు లేని బలం మీ ఆర్డర్లకు ఉంది.

6. పీడీఎఫ్‌తో సరిపెట్టకుండా టాలరెన్సులతో కూడిన ఏపీ 242 ఫైలు ఇవ్వండి. తనిఖీ ఫలితాలను క్యూఐఎఫ్‌లో తీసుకోండి. ఒకే రంగంలోని కంపెనీలు తమ పోర్టళ్లకు ఒకే ఫారం, ఒకే రకం లాగిన్ పెట్టుకోవాలి. వాహన రంగం కోసం 2021లో మొదలైన కాటెనా ఎక్స్ లాంటి ఉమ్మడి వేదికలు ఈ దిశలోనే నడుస్తున్నాయి. వాటిలో చేరే ఖర్చు చిన్న సప్లయర్ మోయగలిగేలా ఉందో లేదో ముందు చూడండి.

7. మా యంత్రాల డేటా మీరు అడిగితే, ఎందుకో, ఎంతకాలం ఉంచుతారో, ఎవరికి చూపిస్తారో ఒప్పందంలో రాయండి. నాణ్యత కోసమని తీసుకున్న సైకిల్ టైమ్ లెక్కలు తర్వాతి ధర బేరంలో మా ముందు పెట్టకూడదు. ఈ భయం తీరనంత కాలం ఏ సప్లయరూ మనస్ఫూర్తిగా డేటా పంచుకోరు, ఎంత మంచి ప్రమాణం వచ్చినా సరే.

ప్రమాణాల కమిటీలకు:

8. చిన్న యూనిట్ల ప్రతినిధులకు, యంత్రం మీద పనిచేసేవాళ్లకు ఓటుతో కూడిన స్థానం కల్పించండి. సమావేశాలు ఆన్‌లైన్‌లో కూడా పెట్టండి. విమానం టికెట్ కొనగలిగినవాళ్లే ప్రమాణాలు రాస్తే అవి వాళ్ల అవసరాలకే సరిపోతాయి.

9. పాటించాల్సిన ప్రమాణాన్ని చదవడానికే డబ్బు కట్టాలంటే చిన్నవాళ్లు చదవరు. ఎంటీకనెక్ట్ లాగే స్టెప్, క్యూఐఎఫ్ ఐఎస్‌ఓ పత్రాలను కూడా చదువుకోవడానికైనా ఉచితంగా తెరవండి. ఓపీసీ యూఏకు, ఎంటీకనెక్ట్‌కు మధ్య ఇప్పటికే ఉన్న పొంతన పత్రాన్ని రెండు వైపులా తాజాగా ఉంచండి. మూడో ప్రమాణం పుట్టించే ముందు ఈ రెండింటిని కలపండి.

అందరికీ:

10. యంత్రం డేటా వేరు, మనిషి డేటా వేరు. ఆపరేటర్ పేరుకు ముడిపెట్టిన లెక్కలు, ఆ ఆపరేటర్‌కు చూపించకుండా, సంజాయిషీకి అవకాశం ఇవ్వకుండా జీతం మీద, ఉద్యోగం మీద వాడకూడదని ప్రమాణాల మార్గదర్శకాల్లోనే రాయండి. డేటా కలవనప్పుడు తప్పుడు అంకెలతో నష్టపోయింది ఆపరేటర్లే. రేపు డేటా బాగా కలిశాక ప్రతి నిమిషం నిఘాతో నష్టపోయేదీ వాళ్లే కాకూడదు. ఈ ఒక్క డిమాండ్‌లో మా యూనిట్ల యజమానులు కూడా మాట ఇవ్వాల్సి ఉంది. ఈ లేఖకు మద్దతిచ్చినవాళ్లు ఇచ్చారు.

వీటిలో 1, 4, 5 అంశాలకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. మీ కంపెనీ లోపల ఒక నిర్ణయం చాలు. కాబట్టి ఈ మూడింటి మీద 90 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. కుదరదంటే కారణం రాయండి, మేం చర్చకు సిద్ధం. మిగతావాటికి ఎంత సమయం కావాలో మీరే చెప్పండి, న్యాయంగా ఉంటే ఒప్పుకుంటాం.

గడువు దాటితే మేం చేసేది కూడా ముందే చెబుతున్నాం. మాతో చేతులు కలిపిన యూనిట్లు కొత్త యంత్రాల కొనుగోళ్లలో డేటా వివరణ ఇవ్వని కొటేషన్లను పరిగణించవు. వచ్చిన జవాబులనూ, రాని జవాబులనూ అందరికీ కనిపించేలా పెడతాం, తర్వాత కొనేవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
విడిభాగాల యూనిట్లలో యంత్రాల డేటా పని చేసే ఒక ఇంజినీరు, ఈ డిమాండ్లతో ఏకీభవించిన ఆపరేటర్లు, ఇన్‌స్పెక్టర్లు, మెయింటెనెన్స్ సిబ్బంది, యూనిట్ల యజమానుల తరఫున